ధనుష్కోటి రైలుదారి: పేర్లలో మిగిలిన చరిత్ర

పేర్లు కూడ చరిత్రకు ఆధారములే. రామేశ్వర ద్వీపమున అంతరించిన రైలుదారి ఇందుకు నిదర్శనము.

‘కోటి’ యనగానే మనకు నూరు లక్షలు స్ఫురించును. సంస్కృతమున ఆ పదమునకు కొన యను అర్థమును గలదు. ధనుష్కోటి యనగా వింటి కొన. విభీషణుని కోరికపై శ్రీరాముడు వింటి కొనతో సేతువును ఛేదించెనని స్థలపురాణము.

1914లో పాంబన్ వంతెన పూర్తియైన పిదప మీటరుగేజి దారి ధనుష్కోటి వరకు సాగినది. మద్రాసు ఎగ్మూరులో బండి ఎక్కినవారు అచ్చట దిగి, ఓడపై సింహళమందలి తలైమన్నారు చేరి, మరల రైలులో కొలంబో పోయెడివారు. ఓడతో జతపడిన ఆ బండికి ‘బోట్ మెయిల్’ అను పేరు కలిగినది.

1964 డిసెంబరు 22 రాత్రి తుఫానులో ఉప్పెన ఊరిని ముంచివేసినది. ధనుష్కోటిని సమీపించుచున్న పాసింజరు బండి ప్రయాణికులతో సహా కడలి పాలైనది. ఊరు నివాసయోగ్యము కాదని ప్రభుత్వము ప్రకటించినది. ఆ దారిని మరల వేయలేదు. రామేశ్వరమే చివరి స్టేషనైనది. అచ్చటినుండి కొంతకాలము నడచిన ఓడలును 1980లలో నిలిచిపోయినవి.

నేడు ధనుష్కోటిలో స్టేషను, చర్చి శిథిలములు కలవు. అయినను చెన్నైనుండి రామేశ్వరము పోవు ఒక బండి నేటికిని బోట్ మెయిలే. ఓడ పోయినను, ఓడ యుండెడిదని ఆ పేరు చెప్పుచున్నది.

కావున విద్యార్థులారా, మన ఊళ్ల పేర్లను, వీధుల పేర్లను అర్థము లేనివని త్రోసివేయరాదు. ఒక పేరు మార్చబూనినపుడు, అది దేనికి సాక్ష్యమో మనము ముందుగా విచారింపవలెను.