శస్త్రచికిత్సకు ముందు శరణాగతి

తిరుమలలో శ్రీవారిని సేవించిన భక్తులకు గర్భాలయపు గడప తెలిసినదే. దానికి కులశేఖరపడి అని పేరు. స్వామి సన్నిధిలో మెట్టుగానైనను పడియుండి ఆయన దివ్యముఖమును చూచుచుండవలెనని కోరిన కులశేఖరాళ్వారుల పేరు ఆ గడపకు నిలిచినది. చేరరాజైన ఆ మహాభక్తుడు పెరుమాళ్ తిరుమొళి అను ప్రబంధమున 105 పాశురములు రచించినారు. అందు ఐదవ తిరుమొళి కేరళమునందలి విత్తువక్కోడు పెరుమాళ్లను గూర్చినది. అచ్చట ఆళ్వారులు ఒక రోగిని, ఒక వైద్యుని ఉపమానముగా గ్రహించినారు. వైద్యుడు కత్తితో కోసినను, కాల్చినను రోగికి అతనియందలి ప్రేమ తరుగదు. అట్లే స్వామి కష్టపెట్టినను తమ మనస్సు ఆయననే ఆశ్రయించునని వారి భావము.

ఈ ఉపమానము నేడు అనేక గృహములలో అనుభవమునకు వచ్చుచున్నది. క్యాన్సర్ వ్యాధికి కీమోథెరపీ పూర్తియై, ఆపరేషనుకు తేదీ నిశ్చయమై, ఆ దినమునకై ఎదురుచూచువారు మన పాఠకులలోను ఉందురు. రొమ్ము క్యాన్సరుకు అట్లే చికిత్స పొందిన ఒక గృహిణి మాతో ఇట్లన్నది: "మందు ఎక్కించుకొనునాళ్లు ఏదో జరుగుచున్నదను నమ్మకముండెడిది. ఇప్పుడు నాలుగు వారములు ఆగమన్నారు. ఏమియు జరుగుటలేదు, భయము మాత్రము పెరుగుచున్నది. అందరును ధైర్యముగా ఉండుమనుచున్నారు. నాకు భయము కలిగినచో స్వామిపై నమ్మకము లేనట్లేనా?"

ఆమె ప్రశ్నలో రెండు సందేహములున్నవి. వాటిని వేర్వేరుగా విచారింతము.

నిరీక్షణము వ్యర్థకాలమా?

కాదు. ఆపరేషనుకు ముందు కీమోథెరపీ ఇచ్చుటకు ముఖ్యకారణము గడ్డను చిన్నదిగా చేసి శస్త్రచికిత్సను సుకరము చేయుట. అయితే ఆ మందులు త్వరగా వృద్ధిచెందు కణములన్నిటిని తాకును. అందుచేతనే జుట్టు రాలును, నోరు పూయును, ఎముకల మూలుగలో రక్తకణముల ఉత్పత్తి తగ్గును. తెల్లకణములు తగ్గినచో ఇతర వ్యాధులు సులభముగా సోకును. ప్లేట్‌లెట్లు తగ్గినచో రక్తస్రావము సులభముగా ఆగదు. అవి కోలుకొనుటకు సాధారణముగా మూడు మొదలు ఆరు వారముల వ్యవధి ఇత్తురు. ఏమియు జరుగుటలేదని రోగి తలచు ఆ దినములలోనే మూలుగ తన పని తాను చేయుచుండును. కావున ఈ ఆగుట చికిత్సకు అంతరాయము కాదు, చికిత్సలో ఒక భాగము.

భయము అవిశ్వాసమా?

సుందరకాండమును పారాయణము చేయు కుటుంబములకు సీతమ్మవారి నిరీక్షణము తెలియును. రావణుడు విధించిన గడువులో ఇక రెండు మాసములే మిగిలినవి. ఆ తల్లి ఏడ్చినది, నిరాశపడినది, ప్రాణములు విడుతునా యనికూడ తలచినది. వాల్మీకిమహర్షి ఆ కన్నీటిని దాచలేదు. ఆ కన్నీటిని చూచి ఆమెకు శ్రీరామునిపై విశ్వాసము లేదని ఎవరైనను అనగలరా?

పెద్దలు శరణాగతికి ఆరు అంగములు చెప్పినారు: ఆనుకూల్యసంకల్పము, ప్రాతికూల్యవర్జనము, మహావిశ్వాసము, గోప్తృత్వవరణము, కార్పణ్యము, ఆత్మనిక్షేపము. వీనిలో కార్పణ్యమనగా "నా వలన కాదు" అని తన అశక్తతను స్వామియెదుట ఒప్పుకొనుట. కావున భయపడుచున్నానని స్వామితో చెప్పుకొనుట శరణాగతికి విరోధము కాదు, అది శరణాగతిలోనిదే. ఆళ్వారులు రోగికి నొప్పి తెలియదనలేదు. నొప్పిలోను ప్రేమ తరుగదనినారు.

ధైర్యముగా లేనిచో రోగము పెరుగునను భయముకూడ కొందరిని బాధించును. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో తల, మెడ క్యాన్సర్లు గల వేయిమందికి పైగా రోగులను పరిశీలించగా, వారి మనఃస్థితికిని ఆయుఃప్రమాణమునకును సంబంధము కనబడలేదు. ఒక రాత్రి ఏడ్చినంత మాత్రమున చికిత్స చెడదు. మనశ్శాంతి కోరదగినదే, అది ఈ దినములను సుఖముగా గడుపుటకు, పరీక్షలో నెగ్గుటకు కాదు.

దినచర్యలో శరణాగతి

ఆనుకూల్యసంకల్పము ఇచ్చట శరీరమును సిద్ధపరచుటయే. గాయము మానుటకు మాంసకృత్తులు కావలెను గనుక పప్పు, పాలు, పెరుగు వేళకు తీసికొనవలెను. డాక్టరు అనుమతించినంత నడవవలెను, దీర్ఘశ్వాసలు అభ్యసింపవలెను. జ్వరము 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినచో తెల్లవారువరకు ఆగక వెంటనే ఆసుపత్రికి తెలుపవలెను.

ప్రాతికూల్యవర్జనమనగా హానికరమైన వానిని విడుచుట. పొగాకు ఏ రూపమునను కూడదు. ఎవరో చెప్పిన మూలికలు, చూర్ణములు డాక్టరుకు తెలియకుండ వాడరాదు. కొన్నిటివలన రక్తస్రావము హెచ్చవచ్చును. ఏకాదశినాడు రోగికి కఠినోపవాసము విధికాదు. పాలు, పండ్లు మొదలైన అనుకల్పములను పెద్దలు అనుమతించియున్నారు. తెల్లకణములు తక్కువగా ఉన్నప్పుడు జనసమ్మర్దములోనికి పోరాదు. కొండకు వెళ్లలేకపోతినను చింత వలదు. పసుపుబట్టలో ముడుపు కట్టి స్వామియెదుట ఉంచి, ఆరోగ్యము చిక్కిన పిదప వెళ్లవచ్చును. జుట్టు సాధారణముగా కీమోథెరపీ ముగిసిన కొన్ని వారములకు మరల మొలచును; తలనీలముల మ్రొక్కు అంతవరకు ఆగును.

ఆత్మనిక్షేపమనగా ప్రయత్నమును మానుట కాదు, ఫలభారమును అప్పగించుట. అన్నము, మందు, నడక మన పాలు. కత్తి వైద్యుని చేతిలోనిది. ఆ చేతిని నడుపువాడు స్వామి.

ఇంటివారికి ఒక మాట

"ఏ జన్మలో ఏ పాపము చేసినదో" అను మాట రోగి చెవిని పడనీయరాదు. భక్తులకును వ్యాధులు వచ్చును. అనేక క్యాన్సర్లకు ఇదమిత్థమను కారణము వైద్యులకే దొరకదు. ఇది అంటువ్యాధి కాదు, కంచము వేరు చేయ పనిలేదు. "ధైర్యముగా ఉండు" అని పదిమార్లు చెప్పుటకంటె ప్రక్కన కూర్చుండి ఆమె చెప్పునది వినుట మేలు. ఆమె ఏడ్చినచో ఏడువనిండు.

ఆ గృహిణి ముడుపు కట్టినది. ప్రతి సాయంకాలము దీపము వెలిగించి, ఆనాటి భయమును ఉన్నదున్నట్లు స్వామికి విన్నవించి, పిదప లేచి భోజనము చేసెడిది. ఆపరేషన్ నాటి ఉదయము ఇల్లు వెడలుచు పటమునకు నమస్కరించి ఇట్లన్నది: "స్వామీ, భయముగానే ఉన్నది. వెళ్లివచ్చెదను."

ఆ రెండు మాటలలో కార్పణ్యమును మహావిశ్వాసమును కలిసియే ఉన్నవి. అట్లు ఎదురుచూచు వారందరికిని శ్రీనివాసుడు తోడై ఉండుగాక!