మొర్రి చెట్టును నరకవద్దు

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం అడవి అంచులలో వేసవిలో మొర్రి పండ్లు తినని పిల్లలుండరు. పండు తిని ఉమ్మివేయు ఆ గింజలోనే మిఠాయిలలో వాడు సారపప్పు ఉన్నది.

ఫిలిప్పీన్సు దీవులలో పిలి అను చెట్టు పప్పును, సువాసనగల బంకను కూడ ఇచ్చును. మన అడవులలో ఈ రెండును వేర్వేరు చెట్లనుండి లభించును. మామిడి కుటుంబపు మొర్రి పప్పునిచ్చును. పిలి కుటుంబపు అందుగు ధూపమునకు వాడు బంకనిచ్చును.

నష్టమెక్కడ?

ఇతరులు ముందుగా కోసికొందురను తొందరలో కొందరు పచ్చికాయల మీదనే కొమ్మలు నరుకుచున్నారు. పచ్చికాయలో పప్పు నిండదు. ఎండిన పిదప ముడుచుకొని తూకము తగ్గును. నరికిన కొమ్మ మరుసటి ఏడు కాయదు.

సేకరణ

పండ్లు ఏప్రిల్, మే నెలలలో నల్లబడును. అప్పుడు క్రింద గుడ్డ పరచి కొమ్మలను మెల్లగా దులుపవలెను. మొలకల కొరకు కొన్ని పండ్లను చెట్టుననే విడువవలెను.

అందుగు బంకకు బెరడును పైపైన మాత్రమే చెక్కవలెను. గాటు కలపకు తగులరాదు. మాను చుట్టును చెక్కరాదు. వానలకు ముందే పని ఆపవలెను.

పప్పు తీయుట

పండ్లను రాత్రి నీటిలో నానబెట్టి, గోనెపట్టాపై రుద్ది, గింజలను కడిగి బాగుగా ఎండబెట్టవలెను. తిరగలిలో పలుచగా పోసి మెల్లగా త్రిప్పినచో పెంకు పగులును. చెరిగి పప్పును వేరుచేయవలెను. పప్పులో సగమునకు పైగా నూనె ఉండుటచే తడి తగిలిన త్వరగా చెడును.

మొక్కలు

గింజ పాతదైన మొలకెత్తు శక్తి తగ్గును. కావున అదే ఏటి గింజను తీసికొని, లోని పప్పు చితుకకుండ పెంకును కొద్దిగా పగులగొట్టి, మట్టి నింపిన సంచులలో నాటవలెను. వేరు కదలకుండ వానాకాలమున గట్లపై నాటి, మేకలనుండి కాపాడవలెను.

ఊరి కట్టుబాటు

2006 అటవీ హక్కుల చట్టము చిల్లర అటవీ ఫలసాయముపై గిరిజనులకు హక్కు నిచ్చినది. 2013-14లో ఆరంభమైన కనీస మద్దతు ధర పథకములో సారగింజ కూడ చేరినది. కాని హక్కు, ధర ఉన్నను, చెట్టు లేనిదే ఫలమెక్కడ?

ఒక్కరు ఆగిన లాభము లేదు. ఆయన విడిచిన కాయను మరియొకరు పచ్చిగా కోయుదురు. కావున గ్రామ పెద్దలు, పంచాయతీ ఉద్యోగులు మార్చిలోనే గ్రామసభ జరిపించి, కోత మొదలు పెట్టు దినమును నిర్ణయించి, ముందురోజు చాటింపు వేయించవలెను. ఆ దినము వరకు ఎవరును చెట్టుపై చేయి వేయరాదు.