రక్తంలో చక్కెర పెరిగినప్పుడు: తెలుసుకోవలసినవి, పాటించవలసినవి

సోలాపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలావాటి జీవనం మగ్గంతోనూ, బీడీల చేటతోనూ ముడిపడి ఉన్నది. మరమగ్గం వద్ద గంటల తరబడి నిలబడే కార్మికునికి గాని, చేట ఒడిలో పెట్టుకొని దినమంతా కూర్చుండే స్త్రీకి గాని వ్యాయామానికి వ్యవధి దొరకడం కష్టం. ఇటువంటి జీవన విధానంలో మధుమేహం నిశ్శబ్దంగా ప్రవేశిస్తుంది. ఆరంభదశలో అది నొప్పి కలిగించదు, పని మాన్పించదు. అందుచేతనే అలక్ష్యానికి గురవుతుంది. బాధ తెలియవచ్చే నాటికి కన్ను, మూత్రపిండం, పాదం దెబ్బతిని ఉండవచ్చును.

చక్కెర ఎందుకు పెరుగుతుంది?

అన్నం, రొట్టె, పండు వంటి పిండిపదార్థాలు జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతాయి. కడుపులోని క్లోమగ్రంథి స్రవించే ఇన్సులిన్ ఆ గ్లూకోజును కండరాలలోనికీ, ఇతర కణాలలోనికీ చేరుస్తుంది. ఇన్సులిన్ తగ్గినా, ఉన్న ఇన్సులిన్‌కు శరీరం సరిగా లోబడకపోయినా గ్లూకోజు రక్తంలోనే నిలిచిపోతుంది. మొదటి రకం మధుమేహంలో ఇన్సులిన్ ఉత్పత్తి దాదాపు ఆగిపోతుంది. ఇది తరచుగా బాల్య యౌవనాలలో బయటపడుతుంది. పెద్దలలో అధికంగా కనిపించేది రెండవ రకం. వంశపారంపర్యం, నడుము చుట్టూ చేరిన కొవ్వు, కదలిక లేని జీవితం దీనికి ప్రధాన కారణాలు. చక్కెర తినడం మాత్రమే కారణమనుకోవడం సరికాదు.

పరీక్షలోని అంకెల అర్థం

పరగడుపున, అనగా కనీసం 8 గంటలు ఏమీ తినకుండా చేసిన పరీక్షలో డెసిలీటరు రక్తానికి 100 మిల్లీగ్రాముల లోపు గ్లూకోజు ఉండడం సహజం. 100 నుండి 125 వరకు ఉంటే అది హెచ్చరిక దశ. 126 గాని, అంతకు మించి గాని ఉంటే మధుమేహం. హెచ్‌బిఎ1సి అనే పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును తెలుపుతుంది. దానిలో 5.7 శాతం లోపు సహజం, 6.5 శాతం మొదలుకొని మధుమేహం. రక్తహీనత ఉన్నవారిలో ఈ రెండవ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చును గనుక ఆ సంగతి వైద్యునికి ముందుగా తెలపాలి. లక్షణాలు లేనివారిలో ఒక్క పరీక్షతో నిర్ధారించక, మరొకమారు పరీక్షించడం పద్ధతి.

జాతీయ కార్యక్రమం క్రింద 30 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో చక్కెర పరీక్ష, రక్తపోటు పరీక్ష జరుగుతాయి. అతిదాహం, మాటిమాటికీ మూత్రవిసర్జన, కారణం లేకుండా బరువు తగ్గడం, మానని పుండు, మసకచూపు ఉన్నవారు వయస్సుతో నిమిత్తం లేకుండా పరీక్ష చేయించుకోవాలి. గర్భిణులు తప్పనిసరిగా చేయించుకోవాలి.

ఆహారం: మానడం కాదు, కొలవడం

సోలాపూరు నేల జొన్నకు ప్రసిద్ధి. తెల్ల అన్నం కంటె జొన్నరొట్టెలో పీచు అధికం. చక్కెర కొంత నిదానంగా పెరుగుతుంది. అయితే జొన్న కూడా పిండిపదార్థమే. నాలుగు రొట్టెలు తిని మేలు జరుగుతుందనుకోవడం పొరపాటు. కంచంలో సగం కూర, ఆకుకూరలు. పావు వంతు పప్పు, శనగలు, గుడ్డు లేదా చేప. మిగిలిన పావు వంతు రొట్టె లేదా అన్నం ఉండాలన్నది సులభమైన కొలత. పల్లీల చట్నీ మంచిదే గాని అందులో నూనె అధికం గనుక మితంగా వడ్డించుకోవాలి.

ఉపవాస దినాలలో జాగ్రత్త అవసరం. ఏకాదశికి వండే సగ్గుబియ్యం కిచిడీ దాదాపు పూర్తిగా పిండిపదార్థమే. తిన్న వెంటనే చక్కెర వేగంగా పెరుగుతుంది. మరొకవైపు, మాత్ర వేసుకొని పస్తు ఉంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. కనుక ఉపవాసానికి ముందు వైద్యుని సలహా తీసుకోవాలి. కార్ఖానాలో దినానికి నాలుగైదు మార్లు త్రాగే తీపి టీ కూడా లెక్కలోనిదే. సంక్రాంతి నాటి నువ్వుల బెల్లం విషయంలోనూ బెల్లం చక్కెరకు ప్రత్యామ్నాయం కాదని గుర్తించాలి.

కదలిక

వారానికి 150 నిమిషాల చురుకైన నడక పెద్దలకు సూచింపబడిన కనీస పరిమాణం. ఒకేసారి సాధ్యపడకపోతే భోజనం తరువాత పది నిమిషాల చొప్పున నడచినా ఫలితం ఉంటుంది. కూర్చుని పనిచేసేవారు ప్రతి అరగంటకు ఒకమారు లేచి నాలుగడుగులు వేయాలి.

మందులు

చక్కెర అదుపులోనికి వచ్చిందని మాత్రలు మానివేయడం తరచుగా జరిగే తప్పు. అదుపులోనికి వచ్చినది మందు వల్లనే కావచ్చును. కాకరకాయ, మెంతులు ఆహారంగా తీసుకోవచ్చును; అవి మాత్రకు బదులు కావు. ఒక పూట మాత్ర మరచిన పక్షంలో తరువాతి పూట రెండు మాత్రలు వేసుకోరాదు.

సోలాపూరు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వేడికి ఇన్సులిన్ శక్తి కోల్పోతుంది. ఫ్రిజ్ లేని ఇండ్లలో నీరు చిలకరించిన మట్టికుండలో, నీరు తగలకుండా సీసాను పెట్టి నీడలో ఉంచవచ్చును. గడ్డకట్టిన ఇన్సులిన్ వాడరాదు.

చక్కెర పడిపోతే, మితిమీరితే

70 కంటె తగ్గితే చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, తికమక కనిపిస్తాయి. వెంటనే మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగించాలి. 15 నిమిషాల తరువాత పరీక్షించి, చక్కెర పెరగకపోతే మరల ఇవ్వాలి. తరువాత భోజనం పెట్టాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయరాదు. చక్కెర బాగా పెరిగి వాంతులు, కడుపునొప్పి, దీర్ఘమైన ఉచ్ఛ్వాసలు, పండ్ల వాసన వంటి శ్వాస, మగత కనిపిస్తే అది అత్యవసర స్థితి. 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. జ్వరం వచ్చి తినలేని స్థితిలో కూడా ఇన్సులిన్‌ను తనకు తానుగా మానరాదు.

పాదరక్షణ

దీర్ఘకాలపు మధుమేహంలో పాదాల స్పర్శజ్ఞానం తగ్గుతుంది. మగ్గం కింద పడిన ముక్కో, మేకో గుచ్చుకున్నా తెలియదు. చిన్న గాయమే కాలు తీసివేయవలసినంతగా ముదిరిపోవచ్చును. అందుచేత ఒట్టి కాళ్లతో పనిచేయరాదు. ప్రతి రాత్రి అరికాళ్లను, వేళ్ల సందులను చూచుకోవాలి. చూపు తక్కువైనవారికి ఇంటివారు చూడాలి. పుండు, వాపు, రంగు మార్పు కనిపిస్తే మరునాడే వైద్యుని వద్దకు వెళ్లాలి. బీడీ, తంబాకు రక్తనాళాలను మరింత దెబ్బతీస్తాయి గనుక వాటిని మానుకోవాలి.

ఏడాదికి ఒకమారు కంటి లోపలి పొర పరీక్ష, మూత్రపిండాల పరీక్ష చేయించుకోవాలి. పరీక్షల కాగితాలను ఒకే సంచిలో భద్రపరచుకొని ప్రతిసారి వెంట తీసుకొని వెళ్లాలి. మధుమేహం ఒక్కరికి వచ్చినా దాని నియమం ఇల్లంతటికీ మేలు చేసేదే. ఇంట్లో వంట ఒకే తీరుగా జరిగితే, రోగి ఒంటరివాడు కాడు. పిల్లలకు కూడా ముందుజాగ్రత్త కలుగుతుంది.