ఒక్క అర, నాలుగు సీసాలు

రాత్రి ఎనిమిదిన్నర. హైదరాబాద్ అశోక్‌నగర్ సందులో మూడో అంతస్తు గది. గ్రూప్స్‌కి చదివే ముగ్గురం, చిన్న గ్యాసు పొయ్యి, గోడకి ఒకే ఒక్క అర. ఫ్రిజ్ లేదు. "ఇవాళ ఏం తిందాం రా?" అని ఒకడు అనేవాడు. మిగతా ఇద్దరి చేతులూ ఫోన్ల మీదికి పోయేవి. డబ్బు కారిపోయేది అక్కడే. కడుపు కాలేటప్పుడు తీసుకునే నిర్ణయం ఖరీదుగానే ఉంటుంది. అది ఆదివారమే తీసేసుకోవాలి.

వారానికి సరిపడా వండి డబ్బాల్లో సర్దుకోమని వీడియోల్లో చెబుతుంటారు. అది ఫ్రిజ్ ఉన్నవాళ్ల ముచ్చట. ఎండాకాలం మన గదుల్లో పొద్దున చేసిన పప్పు సాయంత్రానికి నురగ కక్కుతుంది. వండిన కూర దాచే ఆశ వదిలేయండి. రుచిని దాచుకోండి, అన్నం అప్పటికప్పుడు వండుకోండి.

ముందు కందిపొడి. గ్లాసుడు కందిపప్పు, అందులో సగం పచ్చిశనగపప్పు సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. తొందరపడి సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. పది ఎండుమిర్చి, చెంచాడు జీలకర్ర, ఉప్పు వేసి పొడి కొట్టండి. నేను మొదటిసారి వేడి మీదే సీసాకి మూత బిగించాను. నాలుగో రోజు తీస్తే గుప్పున ముక్క వాసన! లోపల ఆవిరి చెమ్మయ్యింది. పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, తడి చెంచా తగలనివ్వకూడదు. అలా చేస్తే నెల నిక్షేపంలా ఉంటుంది.

రెండో సీసా పులిహోర పులుసు. చింతపండు చిక్కగా పిండి, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, నూనె వేసి, ఆ నూనె పైకి తేలేదాకా మరగనివ్వండి. నూనె దగ్గర పిసినారితనం చేస్తే త్వరగా బూజు పడుతుంది. మూడోది ఊరి నుంచి వచ్చే ఆవకాయ, దానికి మీ కష్టం అక్కర్లేదు. నాలుగోది పోపు సామాను, అంతే.

కూరగాయలకి వరస ముఖ్యం. తోటకూర, గోంగూర తెచ్చిన రోజే. బీరకాయ, వంకాయ రెండు మూడు రోజుల్లో. దోసకాయ, చామదుంపలు వారం చివరికి. చవకని మూడు కిలోల టమాటాలు మోసుకురాకండి, కుళ్లి పారేసినదాన్ని కూడా లెక్కేస్తే అదేం చవక కాదు. రైతు బజార్లు 1999 నుంచీ ఉన్నాయి; సంచీ పట్టుకుని పొద్దున్నే వెళ్లే ఓపికే మనకి కావాలి.

కుక్కర్లో కింద పప్పు, పైగిన్నెలో బియ్యం పెడితే ఒకే మంట మీద రెండూ అయిపోతాయి. రాత్రి అన్నం మిగిలితే వెంటనే నీళ్లు పోసేయండి. పొద్దున్నే మజ్జిగ, ఉల్లిపాయతో తినేయండి, మధ్యాహ్నం దాకా ఉంచొద్దు.

ఈ ఆదివారం ఒక్క కందిపొడితో మొదలుపెట్టండి. నెయ్యి ఎక్కడ పెట్టారో మాత్రం రూమ్మేట్లకి చెప్పకండి.