ఫుడ్ కోర్టులో ఒక తెలుగు పాఠం

భిలాయి-3 రైల్వే క్వార్టర్ల నుంచి పెద్ద రోడ్డు వైపు నడుస్తుంటే ఒక మలుపులో ఫుడ్ కోర్టు ఉంది. పేరు ఘనంగా ఉన్నా, చూడటానికి రేకుల కప్పు కింద ఐదు బండ్లు, పదో పన్నెండో ప్లాస్టిక్ బల్లలు, మూలన చేతులు కడుక్కునే కుళాయి, అంతే. బోర్డు మీద నాగరిలో, ఇంగ్లీషులో, అరబ్బీ లిపిలో ఒకే మాట మూడుసార్లు రాసి ఉంటుంది: హలాల్. మా తెలుగు తరగతి పిల్లల్లో చాలామంది రోజూ ఆ బోర్డు ముందు నుంచే బడికి వస్తారు. ఆ మాటకు అర్థం ఏమిటని ఒకరోజు అడిగితే, "అదొక మటన్ కూర మేడమ్" అన్నాడు ఒక అబ్బాయి. "ఆ దుకాణం వాళ్ళ ఇంటిపేరు" అన్నాడు ఇంకొకడు. ఏడో తరగతి అమ్మాయి ఒకతి మాత్రం నవ్వి ఊరుకుంది.

ఆ నవ్వు వెనక మా పొరపాటు ఒకటి ఉంది. అంతకు ముందు ఏడాది తరగతి విందుకు పిల్లల్ని వేరే చోటికి తీసుకెళ్ళాం. వెళ్ళే ముందు ఒక కాగితం మీద రెండు గళ్ళు గీసి, పేర్లు రాయించాం: శాకాహారం, మాంసాహారం. ఈ అమ్మాయి రెండో గడిలో రాసింది. తీరా బిర్యానీ వచ్చాక ముట్టుకోలేదు. "ఆకలి లేదు మేడమ్" అంది, మేము నమ్మాం. నెల తర్వాత తల్లిదండ్రుల సమావేశానికి వాళ్ళ నాయనమ్మ వచ్చి మెల్లగా చెప్పింది: "మా పిల్ల మాంసం తింటుందమ్మా, కానీ హలాల్ అయితేనే. అడగడానికి సిగ్గుపడింది. ఆ రోజు ఇంటికొచ్చి చద్దన్నం తిని పడుకుంది." గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. నిజం చెప్పాలంటే మా తరగతిలో అందరికంటే చక్కని తెలుగు ఆ అమ్మాయిదే. తరగతిలో చదివించాలంటే మొదట ఆమెనే లేపుతాం. ఆమె ఏం తింటుందో మాత్రం ఒక్కసారీ అడగలేదు.

అందుకే ఈ ఏడాది పాఠాన్ని ఆ బోర్డు కిందే పెట్టుకున్నాం. ఈసారి కాగితం మీద గళ్ళు పిల్లలే గీశారు. రెండు సరిపోలేదు. జైన కుటుంబం అబ్బాయి ఒకడు ఉల్లి, వెల్లుల్లి, దుంపలు తినడు, పొద్దు గూకాక అసలే తినడు. సిక్కు అబ్బాయి ఇంట్లో మాంసం తింటారు గానీ హలాల్ మాంసం తినరు. సిక్కుల నియమావళిలో దాన్ని 'కుఠా' అని నిషేధించారు. శనివారం గుడ్డు కూడా ముట్టని శ్రీకాకుళం పిల్లలు ఇద్దరు. మొత్తం ఐదు గళ్ళు తేలాయి. జైన అబ్బాయి కోసం ఏడింటికి అనుకున్న విందును సాయంత్రం ఐదింటికి జరిపాం.

ఇక మాట సంగతి. 'హలాల్' అరబ్బీ మాట. దాని ధాతువుకు ముడి విప్పడం అని అర్థం. కట్టు విప్పినది, అంటే అనుమతి ఉన్నది హలాల్. దీనికి ఎదురు మాట 'హరామ్', నిషిద్ధం. తాకరానిది కాబట్టి పవిత్రమైనదనే అర్థం కూడా ఆ మాటకు ఉంది, మక్కాలోని పెద్ద మసీదును 'మస్జిదుల్ హరామ్' అనడం అందుకే. మన 'మడి' అనే మాట గుర్తుకు వస్తుంది కదా! మడి కట్టుకున్న వారిని ముట్టుకోకూడదు, ఆ ముట్టుకోకపోవడం గౌరవం వల్లే.

హలాల్ అంటే మాంసమే అనుకోవడం చాలామంది చేసే తప్పు. ధాన్యం, పప్పు, కూరగాయలు, పండ్లు, పాలు అన్నీ సహజంగానే హలాల్. నిషేధాల జాబితా చిన్నది: తనంతట తాను చచ్చిన జంతువు, రక్తం, పంది మాంసం, దైవేతరుల పేరిట కోసినది. మత్తు పానీయాలు కూడా కూడవు. జంతువు ఆరోగ్యంగా, బతికి ఉండాలి, కత్తి పదునుగా ఉండాలి, దేవుని పేరు తలచి గొంతు దగ్గర ఒక్క ఊపున కోయాలి, రక్తం పూర్తిగా కారిపోవాలి. ఈ పద్ధతిని జబీహా అంటారు. చేపకు ఈ నియమం లేదు. యూదులకు ఇలాంటిదే 'కోషర్' అనే పద్ధతి ఉంది, ఆ హీబ్రూ మాటకు 'తగినది' అని అర్థం. యూదులు ఎక్కడో దూరాన ఉంటారనుకోకండి, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు.

మన పల్లెలకు కూడా ఇది కొత్త కాదు. తెలంగాణలో, రాయలసీమలో చాలా ఊళ్ళలో పండుగకో పెళ్ళికో మేకను కోయాలంటే ముల్లాను పిలిచేవారు. ఆ ఇంటివాళ్ళు ముస్లింలు కాకపోయినా సరే. అలా చేస్తే ఊళ్ళో అందరూ విందుకు రావచ్చు. 'హలాల్ చేయించడం' ఆ ఇళ్ళలో మామూలు తెలుగు మాట.

ఇక్కడ నాయనమ్మ ఒక మాట అందించింది (ఆమెను కూడా పిలిచాం, రాకపోతే పాఠం సగమే అయ్యేది). "హలాల్ తిండికే కాదమ్మా, సంపాదనకూ ఉంటుంది" అంది. నిజమే. ఉర్దూలో 'హలాల్ కీ కమాయీ' అంటే చెమటోడ్చి న్యాయంగా సంపాదించినది, మన కష్టార్జితం. లంచం డబ్బుతో కొన్న కందిపప్పు శాకాహారమే అయినా హలాల్ కాదన్నమాట! ఉప్పు పెట్టిన చేతికి విశ్వాసంగా ఉండేవాడు 'నమక్ హలాల్', ద్రోహం చేసేవాడు 'నమక్ హరామ్'. తెలుగులో ఉప్పు తిన్న విశ్వాసం అంటాం. ద్రోహికి మాత్రం ఉప్పు చాలదని కాబోలు, ఏకంగా ఇంటి కప్పు దాకా వెళ్ళి, 'తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడు' అన్నాం. పిల్లలకు ఈ సామెత తెగ నచ్చింది. ఒకడు తలెత్తి ఫుడ్ కోర్టు రేకుల కింద ఇనుప కమ్ములు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

తర్వాత ధరల పట్టిక ముందు నిలబడి మాటల పుట్టిల్లు వెతికాం. బిర్యానీ పారసీ 'బిర్యాన్' నుంచి వచ్చింది, వేయించినది అని అర్థం. కైమా, కుర్మా తురుష్క భాషల నుంచి, కబాబు, హల్వా అరబ్బీ నుంచి. జిలేబీ కూడా అరబ్బీలో 'జలాబియా'. సమోసా పారసీ 'సంబూసగ్'. 14వ శతాబ్దంలో ఢిల్లీ వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా సుల్తాను విందులో దీన్ని తిన్నట్టు రాశాడు, అప్పటికి అందులో బంగాళాదుంప లేదు, మాంసమే. బంగాళాదుంప, మిరపకాయ, టమాటా అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి మన దాకా వచ్చింది ఆ తర్వాతే. నాన్ అంటే పారసీలో రొట్టె, కాబట్టి 'నాన్ రొట్టె' అంటే రొట్టె రొట్టె. బిర్యానీతో పోసే షేర్వా పారసీ 'షోర్బా'. అన్నిటికంటే పిల్లలు నవ్వింది దాల్చినచెక్క దగ్గర. పారసీలో 'దార్' అంటే చెక్క, 'చీనీ' అంటే చైనాది. దార్‌చీనీ అంటేనే చైనా చెక్క, దానికి మనం మళ్ళీ ఒక చెక్క తగిలించాం.

ప్రయాణం ఒకవైపే సాగలేదు. అరబ్బు వర్తకులు మన చింతపండును చూసి 'తమర్ హిందీ' అన్నారు, హిందూదేశపు ఖర్జూరం. ఇంగ్లీషు 'టామరిండ్' అదే. హైదరాబాదు వంటను ఉత్తరాది ముస్లిం వంట నుంచి వేరు చేసేది ఈ పులుపే: బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, ఖట్టీ దాల్. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్ మూలం అరబ్బుల హరీస్. నిజాం సైన్యంలోకి యెమెన్ నుంచి వచ్చినవారి వారసులు హైదరాబాదు బార్కస్‌లో ఇప్పటికీ ఉన్నారు. ఆ పేట పేరు కూడా 'బ్యారక్స్' నోట నలిగిందే.

మూడో బండి దగ్గర ఒక చిన్న వాదం జరిగింది. చాచా మటన్‌లో ఒక పుల్లని ఆకు వేసి వండాడు. ఆయన దాన్ని 'అమారీ భాజీ' అన్నాడు, ఛత్తీస్‌గఢ్‌లో దాని పేరు అదే. నాయనమ్మ చూసి "ఇది అంబాడా" అంది. శ్రీకాకుళం పిల్లలు రుచి చూడకుండానే, "గోంగూర!" అని అరిచారు. మూడూ ఒకటే. చద్దన్నం కథ కూడా ఇలాంటిదే, ఇక్కడివాళ్ళు 'బోరే బాసీ' అంటారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ రెండు మాటలూ మాకు తెలియక గోంగూర దొరకదని ఎంత బెంగపడ్డామో!

ఇంతమంది ఇక్కడ ఎలా చేరారన్న ప్రశ్న వచ్చింది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి కొలిమి ప్రారంభం, పక్కన చరోదాలో పెద్ద రైల్వే యార్డు. పని ఉన్నచోటికి అన్ని రాష్ట్రాల మనుషులూ వచ్చారు, వాళ్ళ వెనకే వాళ్ళ పోపు డబ్బాలూ వచ్చాయి.

కలిసి తినడం గురించి తెలుగువాళ్ళకు పాత కథ ఉంది. 12వ శతాబ్దపు పలనాడులో బ్రహ్మనాయుడు కులాల తేడా లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని చెబుతారు. దాని పేరు చాపకూడు. కారంపూడిలో వీరుల ఉత్సవాల్లో నేటికీ ఒక రోజు దానిదే. ముస్లిం ఇళ్ళలో నేల మీద పరిచే గుడ్డ దస్తర్‌ఖాన్. చాపకూడు గురించి చెబుతుంటే సిక్కు అబ్బాయి, "మా లంగర్ లాంటిదే కదా" అన్నాడు. అవునన్నాం, కానీ ఒక తేడా కూడా చెప్పాల్సి వచ్చింది. చాపకూడులోనూ లంగర్‌లోనూ అందరికీ ఒకే వంట. మా బల్ల మీద ఐదు గళ్ళ వంట. ఒకే కుండలోది తినలేనివాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చా అన్నదే ఆ సాయంత్రం మా పాఠం. దానికి గరిటెలు వేరుగా ఉండాలి. చాచాను అడిగాం, పప్పు గరిటె మాంసంలో పెట్టరు కదా అని. ఆయన కోప్పడలేదు. "అడిగితేనే కదా బేటా తెలిసేది" అని రెండు గరిటెలూ పైకెత్తి చూపించాడు. సిక్కు అబ్బాయి, జైన అబ్బాయి పప్పు బండి దగ్గర తిన్నారు. జైన అబ్బాయి పప్పులో వెల్లుల్లి పోపు పెట్టకముందే గిన్నెలోకి తీయించాం.

పొట్లాల మీది గుర్తులూ చూశాం. ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. దుకాణంలో 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య కనబడాలి. ఈ గుర్తులు మా పాత కాగితం లాంటివే, రెండు గళ్ళే ఉన్నాయి. మిగతాది మనిషిని అడగాల్సిందే.

లెక్క చూసేటప్పుడు చివరి మాటలు దొరికాయి. రసీదు పారసీ, 'చేరింది' అని అర్థం. బాకీ అరబ్బీ, 'మిగిలినది'. చాచా "చిల్లర్ దేదో" అన్నాడు. చిల్లర మన ద్రావిడ భాషల మాటే, హిందీలోకి వెళ్ళి స్థిరపడింది. ఏడో తరగతి అమ్మాయి రెండో ప్లేటు తీసుకుంటూ, "బోర్డు మీది అరబ్బీ నేను చదవగలను మేడమ్, తెలుగులో కూడా రాయమంటారా?" అని చాచా వైపు చూసింది. ఆయన సుద్దముక్క ఇచ్చాడు. ఇప్పుడు ఆ బోర్డు మీద నాలుగో వరుస ఉంది. వాన పడినప్పుడల్లా మా పిల్లలు మళ్ళీ రాస్తున్నారు.

మీరూ చేయండి: మీ వంటింట్లోని పుదీనా, కిస్మిస్, అనాస, బొప్పాయి ఏ భాషల నుంచి వచ్చాయో పెద్దలను, నిఘంటువును అడిగి తెలుసుకోండి. మీ తరగతి విందుకు కాగితం మీద ఎన్ని గళ్ళు గీయాలో లెక్కించి, మాకు రాయండి.