ఆఫీసు పని మీద నాచారం వస్తున్నారా?

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని మందుల ల్యాబులకు ఆడిట్ మీద వచ్చేవాళ్లు కొందరు. సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీలకు పరిశోధన పని మీద వచ్చేవాళ్లు కొందరు. ఉప్పల్ జెన్‌ప్యాక్ట్‌కో, పోచారం ఇన్ఫోసిస్‌కో ట్రైనింగనీ మీటింగనీ వచ్చేవాళ్లు ఇంకొందరు. హైదరాబాద్ తూర్పు వైపు ఏడాది పొడవునా ఇలా బయటి ఉద్యోగులు వస్తూ పోతూనే ఉంటారు. వాళ్లలో పుణె, చెన్నైల్లో స్థిరపడ్డ మనవాళ్లుంటారు, న్యూజెర్సీ, డాలస్‌ల నుంచి వచ్చే మనవాళ్లూ ఉంటారు. వారం పాటు పని, చివర్లో ఒకటి రెండు ఖాళీ రోజులు. ఆ కాస్త వ్యవధిలోనే ఊరు చూడాలి, ఇంట్లోవాళ్లు చెప్పి పంపిన చీరలూ గాజులూ కొనాలి.

ఇలా వచ్చినవాళ్లు ముందుగా ఫోన్ తీసి చూడదగ్గ స్థలాలు వెతుకుతారు. గోల్కొండ, చార్మినార్, శిల్పారామం, రామోజీ ఫిల్మ్‌సిటీ వరసగా కనిపిస్తాయి. ఒకటి ఊరికి పడమటి కొసన, ఒకటి పాతబస్తీలో, ఒకటి మాదాపూర్‌లో, ఒకటి విజయవాడ హైవే మీద. సాయంత్రం ఆరింటికి పని ముగించుకుని నాచారంలో కారెక్కితే వీటిలో దేన్నీ లోపలికి వెళ్లి చూసే వేళ ఉండదు. చార్మినార్, గోల్కొండ సాయంత్రం ఐదున్నరకే మూసేస్తారు. అందుకే నేను అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతాను. పేరున్న స్థలాల పట్టీ పక్కన పెట్టి, మీకు పని పడిన చోటు నుంచి మొదలుపెట్టండి. నాచారం, ఉప్పల్ రెండు మంచి దారుల మొదట్లో ఉన్నాయి. ఒకటి మెట్రో బ్లూ లైను, రెండోది వరంగల్ రోడ్డు. ఈ రెంటి మీద చేరగలిగినవి చూస్తే చాలు, తీసుకున్న సెలవుకు పూర్తి ఫలితం దక్కుతుంది.

టికెట్ బుక్ కాకముందే మీ మేనేజరుతో మాట్లాడుకోవాలి. ఎన్ని రోజులు పని, ఎన్ని రోజులు సొంత సెలవు, తిరుగు టికెట్ తేదీ మారితే పెరిగిన ఛార్జీ ఎవరిది, సెలవు రోజుల్లో హోటల్ ఎవరిది, కంపెనీ ఇన్సూరెన్స్ ఆ రోజులకు వర్తిస్తుందా అన్నవన్నీ ఒక చిన్న మెయిల్‌లో రాసి సరేననిపించుకోండి. నోటిమాటగా వదిలేస్తే, మూడు నెలల తర్వాత అకౌంట్స్ వాళ్లు అడిగినప్పుడు ఎవరికీ ఏదీ గుర్తుండదు. సొంత రోజుల్ని పని అయ్యాకే పెట్టుకోండి. ఆడిట్లు, ఇన్‌స్టలేషన్లు అనుకున్న రోజుకు ముగియవు. ముందే తిరిగేసి ఉంటే పని పొడుగైనా నష్టం లేదు కదా అని కొందరంటారు. అయితే అమెరికా నుంచి వచ్చినవాళ్లు మొదటి రెండు రోజులు నిద్ర సరిపోక తూలుతూ ఉంటారు. ఆ స్థితిలో చూసింది ఒంటబట్టదు, కొన్నదానికి బేరమాడే ఓపికా ఉండదు. ఒక రోజు ముందు దిగి, పడుకుని, దగ్గర్లో కాస్త నడిచి రావడం మాత్రం చాలా మంచిది.

బస కూడా ఇటువైపే ఉండాలి. చాలా కంపెనీలు అలవాటు కొద్దీ గచ్చిబౌలి, మాదాపూర్ హోటళ్లే బుక్ చేస్తాయి. హబ్సిగూడ, తార్నాక వైపు ఇప్పించమని అడగండి. నాగోలు నుంచి రాయదుర్గం దాకా వెళ్లే బ్లూ లైనులో ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక వరసగా స్టేషన్లు. నాచారం నుంచి హబ్సిగూడ స్టేషన్‌కి ఆటోలో వెళ్లి మెట్రో ఎక్కితే హైటెక్ సిటీ దాకా రోడ్డు మీది రద్దీతో పని లేదు. రైల్లో వచ్చేవాళ్లకు 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలైంది. మీ రైలు అక్కడ ఆగేదైతే సికింద్రాబాద్ దాకా వెళ్లి వెనక్కి రానక్కర్లేదు.

పని రోజుల్లో తెల్లవారుజామున దొరికే గంట, గంటన్నర చాలా విలువైనది. తార్నాకలో ఉంటే ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ దాకా నడవండి. 1918లో పుట్టిన ఆ యూనివర్సిటీకి 1939లో ఈ భవనం సిద్ధమైంది. బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ ప్లానుతో గులాబీ ఛాయ గ్రానైట్‌తో కట్టారు. పొద్దుటి ఎండ పడ్డప్పుడు ఆ రాయి మెరవడం చూడాలి. క్యూలో నిలబడే పని లేదు. తొమ్మిదింటికల్లా స్నానం చేసి ఆఫీసులో ఉండొచ్చు.

నాచారానికి ఇంకా దగ్గర మౌలాలి. ఇక్కడే ఏళ్ల తరబడి ఉద్యోగం చేసి కూడా ఆ గుట్ట ఎక్కనివాళ్లు ఎందరో ఉన్నారని తలుచుకుంటే నాకు బాధేస్తుంది. కుతుబ్‌షాహీల కాలం నుంచి ఉన్న దర్గా ఆ గుట్ట మీద ఉంది. వందల మెట్లెక్కి పైకి చేరితే సికింద్రాబాద్ నుంచి చర్లపల్లి దాకా ఊరంతా కనిపిస్తుంది. గుట్ట దిగువన మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. ఉర్దూలో తన గజళ్లతో పూర్తి దీవాన్ సంకలనం చేసిన తొలి మహిళగా ఆమెకు పేరు. నిజాం దరబారులో గాయని, జాగీర్లు పొందిన మనిషి, 1824లో కన్నుమూసింది. తల్లి కోసం తాను కట్టించిన తోటలోనే తల్లి పక్కన సమాధి అయింది. శిథిలమైపోయిన ఆ చోటును ఈ శతాబ్దంలో అమెరికా ప్రభుత్వ నిధులతో మరమ్మతు చేశారు. విదేశీ అతిథి ఎవరైనా మీతో ఉంటే, చార్మినార్ కంటే ముందు ఇక్కడికి తీసుకెళ్లండి. దర్గాలో పాదరక్షలు విప్పాలి, తల కప్పుకునే గుడ్డ ఒకటి దగ్గర ఉంచుకోవాలి.

పాతబస్తీకి కనీసం సగం రోజు కావాలి. హబ్సిగూడలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్ లైనుకు మారి ఎంజీబీఎస్‌లో దిగండి. అక్కడి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చార్మినార్‌కీ ఆటోలు దొరుకుతాయి. రోజు ఎంచుకునేటప్పుడు శుక్రవారం పెట్టుకోవద్దు. సాలార్‌జంగ్, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం సెలవు. మక్కా మసీదు దగ్గర నమాజు జనం. శుక్రవారం మధ్యాహ్నంతో పని అయిపోతుందని సంబరపడి అటు బయల్దేరి, గేటు చూసి తిరిగొచ్చేవాళ్లు చాలామంది. సాలార్‌జంగ్‌లో అన్నీ చూడాలని పరుగు పెట్టకండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా దగ్గర కాసేపు నిలబడండి, గంట కొట్టే వేళకు సంగీత గడియారం ముందుకు చేరుకోండి.

అక్కడి నుంచి లాడ్ బజారు. గాజులు కొనాలంటే బయల్దేరే ముందే ఇంట్లో ప్రతి ఒక్కరి సైజు రాసుకోవాలి, టూ ఫోరా, టూ సిక్సా, టూ ఎయిటా అని. పాత గాజు ఒకటి వెంట తెచ్చుకుంటే ఇంకా నయం. లక్క గాజు సాగదు, సైజు తప్పితే చేతికెక్కదు. కొన్ని దుకాణాల్లో చేసేది కూడా చూడొచ్చు. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుతారు. వేడికి మెత్తబడే సరుకు కాబట్టి ఎండలో నిలిపిన కారులో వదిలేయొద్దు. 2024లో ఈ గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. సాయంత్రం ఆఫీసు అయ్యాక వెళ్లగలిగేది కూడా ఈ బజారుకే, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటుంది.

ఇక వరంగల్ రోడ్డు. నాచారం, ఉప్పల్‌లో దిగినవాళ్లకు మాత్రమే ఉన్న వెసులుబాటు ఇది. మాదాపూర్‌లో దిగినవాళ్లు ఊరు దాటడానికే పొద్దు సగం పోగొట్టుకుంటారు. మీరు ఉప్పల్ రింగురోడ్డు దాటితే హైవే మీద ఉన్నట్టే. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పనులు ఏళ్ల తరబడి సాగడంతో ఈ ముక్క ఇరుకైంది కాబట్టి శనివారం ఏడింటికల్లా బయల్దేరాలి. కారు లేకపోతే ఉప్పల్ నుంచే ఆర్టీసీ బస్సులున్నాయి. మెట్రో దిగి 2023లో తెరిచిన స్కైవాక్ మీదుగా వెళ్తే చౌరస్తాలో రోడ్డు దాటే బాధ ఉండదు.

బీబీనగర్ దగ్గర కుడికి తిరిగితే భూదాన్ పోచంపల్లి. తిన్నగా వెళ్తే భువనగిరి కోట, ఆపైన యాదగిరిగుట్ట, ఇంకా ముందుకు జనగామ దగ్గర ఇత్తడి పనికి పేరుపడ్డ పెంబర్తి. ఒక్క రోజులో రెండే ఎంచుకోండి. యాదగిరిగుట్ట గుడికి శని, ఆదివారాల్లో రద్దీ విపరీతం. 2022 మార్చిలో గుడి పునర్నిర్మాణం పూర్తయి తెరిచాక అది ఇంకా పెరిగింది. దర్శనం ముఖ్యమైతే తెల్లవారుతూనే గుట్టకు వెళ్లి, వచ్చేటప్పుడు పోచంపల్లి చూడండి. చీరలే ముఖ్యమైతే పొద్దున్నే పోచంపల్లి, మధ్యాహ్నం ఎండ తగ్గాక భువనగిరి. ఏకశిల మీది ఆ కోటను నడినెత్తిన ఎండలో ఎక్కడం మంచిది కాదు.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు పోచంపల్లి. భూదానోద్యమం అక్కడే పుట్టింది. దుకాణంలోకి వెళ్లే ముందు ఏదైనా మగ్గం ఉన్న ఇంటి దగ్గర ఆగండి. నూలునో పట్టునో ముందే లెక్క ప్రకారం చిటికీలు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. నేసే ముందే పోగు మీద డిజైన్ ఉంటుంది, మగ్గం మీద అది వరసకు చేరుతుంది. చిటికీలు కట్టే ముందు పోగును మేకులకు చుట్టి ఆసు పోయడానికి ఆడవాళ్లు చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పేవాళ్లు. తల్లి భుజాల నొప్పి చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ చూశాక ధర ఎందుకంత ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

కొనేటప్పుడు చీర తిప్పి చూడండి. ఇలా నేసిన ఇక్కత్‌కు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, అచ్చు వేసినదానికి వెనక వెలిసినట్టుంటుంది. డిజైన్ అంచుల్ని దగ్గరగా పట్టుకుని చూస్తే అసలుదానిలో రంగు పక్క పోగులోకి కాస్త చెదిరి, మసకగా ఉంటుంది. గీత గీసినట్టు కచ్చితంగా ఉంటే అనుమానించండి. పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ అడగండి, బిల్లు తీసుకోండి. విదేశీ కార్డు అన్ని చోట్లా తీసుకోరు, నగదు ఉంచుకోవాలి. నేతన్న ఇంట్లో కొంటే గీచి గీచి బేరమాడకండి, అది మర్యాద కాదు.

ఇప్పుడు ఉద్యోగానికి సంబంధించిన అసలు చిక్కు. మనవాళ్ల ఆతిథ్యం పెద్దది. “సార్, రేపు మా కారు పంపిస్తాం, గుట్టకు వెళ్లొద్దురు గానీ. మేడమ్‌కి ఒక పోచంపల్లి చీర మా తరఫున” అంటారు. అందులో కపటం లేకపోవచ్చు. కానీ మీరు వచ్చింది ఆ కంపెనీ ల్యాబును తనిఖీ చేయడానికో, ఆ వెండార్‌కు ఆర్డర్ ఇవ్వాలో వద్దో తేల్చడానికో అయితే, ఆ కారు ఎక్కకూడదు, ఆ చీర పుచ్చుకోకూడదు. మీ రిపోర్టు నూటికి నూరుపాళ్లు నిజాయితీగా ఉన్నా, చీర సంగతి బయటికి వస్తే ఎవరూ నమ్మరు. చాలా కంపెనీల్లో బహుమతులకు పరిమితి రాసే ఉంటుంది, వచ్చే ముందు చదువుకోండి. వద్దనడంలో మాట కరుకుగా ఉండనక్కర్లేదు. “మీ అభిమానం చాలండీ. కారు నేను మాట్లాడుకున్నాను, దారిలో ఎక్కడ టిఫిన్ బాగుంటుందో చెప్పండి” అంటే ఎదుటివాళ్లు నొచ్చుకోరు. స్థానికంగా ఆతిథ్యమిచ్చే ఉద్యోగులకూ చెబుతున్నాను. బయటినుంచి వచ్చిన మనిషిని ఇలా ఇరకాటంలో పెట్టకండి. నమ్మకమైన డ్రైవర్ నంబరు, శుక్రవారం ఏవి మూసి ఉంటాయో, ఏ దుకాణంలో బిల్లు ఇస్తారో చెబితే అంతకంటే పెద్ద సాయం లేదు.

సొంత ఖర్చు ఒక కార్డు మీద, ఆఫీసు ఖర్చు ఇంకో కార్డు మీద పెట్టండి. క్యాబ్ యాప్‌లో ఆఫీసు ఖాతా ఉంటే లాడ్ బజారుకు బయల్దేరే ముందే సొంత ఖాతాకు మార్చుకోండి. హోటల్ వాళ్లను పని రోజులకూ సెలవు రోజులకూ రెండు వేరు బిల్లులు అడగండి, గదిలోకి దిగేటప్పుడే చెబితే ఇస్తారు.

ఓసీఐ కార్డున్నవాళ్లు దాన్ని వెంట ఉంచుకోవాలి. చార్మినార్ లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో వాళ్లకు భారతీయుల టికెట్టే వర్తిస్తుంది. పాత సామాను మీద మోజున్నవాళ్లు జాగ్రత్త. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాల్ని దేశం దాటించకూడదు. దుకాణదారు “నిజాం కాలంది” అన్నాడంటే, అది నిజంగానే వందేళ్లు దాటిందైతే దేశం దాటించడం నేరం, అబద్ధమైతే మోసం. రెండు రకాలుగానూ కొనకపోవడమే మేలు. ఊరగాయలు చేతి సంచిలో పెట్టనివ్వరు, గట్టిగా సీలు వేయించి చెకిన్ బ్యాగులో సర్దాలి. ఎండుకొబ్బరి మాత్రం చెకిన్ బ్యాగులో కూడా కుదరదు. అమెరికా వెళ్లేవాళ్లు మటన్, చికెన్ పచ్చళ్ల జోలికి పోవద్దు. ఆస్ట్రేలియాకైతే తినే వస్తువు ఏదైనా ఫారంలో రాసి చూపించాల్సిందే. మిగిలిన రూపాయి నోట్లు మనిషికి 25 వేల దాకా వెంట తీసుకెళ్లొచ్చు.

తిరుగు ప్రయాణం రోజున ఎక్కడికీ ప్లాన్ పెట్టుకోకండి. ఉప్పల్ నుంచి నాగోలు, ఎల్బీనగర్ మీదుగా శంషాబాద్ చేరడానికి సాయంత్రం పూట ఎంతసేపు పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కొనాల్సింది ఏదైనా మిగిలిపోతే, దానికోసం పాతబస్తీకి పరుగెత్తకుండా నాగోలు మెట్రో దగ్గర ఉప్పల్ శిల్పారామంలో ముందురోజు సాయంత్రమే చూసుకోండి.