పత్తర్‌గట్టి మురుగు – పల్లెటూరి యెరువు

ఎరువును రొక్కమిచ్చి కొనుచున్నాము; ఇంట పుట్టు సారమును పారవేయుచున్నాము. ఇందలి లాభనష్టములను ఈ పాఠమున విచారింతము.

హైదరాబాదునందలి పత్తర్‌గట్టి బజారు 1908వ సంవత్సరపు మూసీ వరద పిమ్మట ఏర్పడిన నగరాభివృద్ధి మండలివారు రాతితో కట్టించినది. అట్టి పాతబస్తీ పేటల మురుగు మూసీ వైపునకే సాగును. నదికి దిగువనున్న రైతులు ఆ నీటితో వరియు, పాడి పశువులకు పేరా గడ్డియు చిరకాలముగా పండించుచున్నారు. ఏడాది పొడుగున నీరు, నీటితోపాటు సారము. ఇది లాభము. కాని మలమునందలి కొంకిపురుగులు వట్టికాళ్లతో మడిలో దిగువారిని పట్టును. కర్మాగారముల విషములును ఆ నీట కలియును. అంబరుపేటవంటి శుద్ధికేంద్రములు ఏర్పడినను, నదిలో చేరు మురుగంతయు శుద్ధి యగుటలేదు.

పల్లెకు ఇంతకంటె సులభమైన మార్గము గలదు. అది జంట గుంటల మరుగుదొడ్డి.

1. రెండు గుంటలను బావికి కనీసము 10 మీటర్ల దూరమున త్రవ్వవలెను. అడుగున సిమెంటు వేయరాదు. నీరు నేలలో ఇంకవలెను.

2. ఒకసారి ఒక గుంటనే వాడవలెను. రెంటికిని ఒక్కమారే నీరు వదలుట మేము తరచుగా చూచుచున్న లోపము. అట్లు చేసిన రెండును ఏకకాలమున నిండును. పద్ధతి యంతయు చెడును.

3. నిండిన గుంటను మూసి, రెండవదానికి మార్చి, ఏడాదికి తక్కువ గాకుండ, వీలైన రెండేండ్లు, కదల్పక యుంచవలెను. అంతట పురుగులు నశించి, మలము వాసనలేని మన్నువలె మారును.

4. ఆ యెరువును దుక్కిలో వేసి కలియదున్నవలెను. పచ్చిగా తిను కూరలకు వాడరాదు. నత్రజని మిక్కిలిగా మూత్రమునందే యుండి నేలలో ఇంకిపోవును గనుక, పశువుల పెంటను మానరాదు.

వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లిలో 2017 ఫిబ్రవరిలో కేంద్ర పారిశుద్ధ్యశాఖ కార్యదర్శియే గుంటలో దిగి ఎరువు తీసిరి. పక్వమైన యెరువును తాకుటలో అవమానము లేదని దీనివలన తెలియుచున్నది. పచ్చి మలమును మనిషిచేత తీయించుటయో 2013వ సంవత్సరపు చట్టముచే నేరము. అంతకు ముందే పాపము.

ఏ యేర్పాటైనను కట్టినంతమాత్రమున నిలువదు. నిండిన గుంటను ఎవరు, ఎప్పుడు, ఎట్లు తీయుదురో ముందే నిర్ణయించిననాడే నిలుచును. కావున ప్రతి సంఘమును గుంట మూసిన తేదీని ఒక పుస్తకమున వ్రాసియుంచుట మంచిది. తేదీ తెలియని గుంటను తెరవకుడు.